ఉయ్యాలవాడకు పోయి వచ్చిన ముచ్చట

సంక్రాంతి సెలవులకు మేము నంద్యాలలోని మా అక్కగారి యింటికి పోయియుంటిమి. పండుగ మూడు దినములును గడచెను. అరిసెల డబ్బా సగమునకు వచ్చెను. పిల్లలు గాలిపటములతో విసిగిరి. అట్టి యొక యుదయమున మా అమ్మాయి తన పాఠ్యపుస్తకమును చేతబట్టుకొని వంటయింటి గడపకడ కూర్చుండి, “అమ్మా, మనది రాయలసీమ గదా. ఈ పేరు కృష్ణదేవరాయలవారే పెట్టినారా?” అని యడిగెను. మేమప్పుడు ఉగ్గానికి బొరుగులు తడిపి పిండుచుంటిమి. మనుచరిత్రమును, ఆముక్తమాల్యదను తండ్రిగారి యొద్ద కూర్చుండి చదివినవారమే గాని, ఆ ప్రశ్నకు మాకు వెంటనే జవాబు తోచలేదు.

మావారు వసారాలో పత్రిక చదువుచు నది విని, “రాయలవారు కారు, ఒక ఉపాధ్యాయుడు. పెట్టినది మరెక్కడనో కాదు, ఈ నంద్యాలలోనే,” అనిరి. తామును బడిపంతులే కావున ఉపాధ్యాయుల ఘనత చెప్పవలసినపుడు వారి కంఠము కొంచెము హెచ్చును.

అక్కడనుండి మొదలైన మాట మరునాడు మమ్ము ఉయ్యాలవాడ దాక నడిపించెను. ఆ సంగతి మన సోదరీమణులకు తెలియజేయ నెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కర్నూలు, కడప, అనంతపురము, బళ్ళారి ప్రాంతములను మన ముత్తాతల నాటివారు దత్తమండలములని పిలిచెడివారు. 1800వ సంవత్సరము అక్టోబరు నెలలో నిజాము ప్రభువునకును ఈస్టిండియా కంపెనీకిని ఒడంబడిక జరిగెను. తన రాజ్యమున నిలిపిన కంపెనీ సైన్యముల ఖర్చు క్రింద నిజాము, మైసూరు యుద్ధముల వలన తనకు చిక్కిన యీ భూభాగమును కంపెనీకి ఇచ్చివేసెను. ఇంగ్లీషువారు దీనిని తమ భాషలో ‘ఇచ్చివేయబడిన జిల్లాలు’ అనిరి. మనవారు దానినే సంస్కృతము చేసికొని ‘దత్త’మనిరి. దత్త మనగా ఈయబడినది. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, ఈయబడిన దానిని నీకు సమ్మతమా యని యడిగినవాడు లేడు. నేల యనగా మన్ను మాత్రమే యైన నది వేరు. దానిమీద లక్షలాది జనులు కాపురములు చేయుచుండిరి. వారందరును ఒక్కదినమున ‘దత్త’లైరి. ఆ పేరు నూట యిరువదియెనిమిది సంవత్సరములు నిలిచెను.

పేరులో నేమున్నదని కొందరనవచ్చును. మేము కొంచెము స్వానుభవముతో చెప్పుచున్నాము. మేము కాపురమునకు వచ్చిన దినముననే మా పేరు మారెను. ఇంటి పెద్దావిడ పేరును మా పేరును ఒక్కటియే యగుటచే, ఆ పేరు పెట్టి కోడలిని కేకవేయుట బాగుండదని వేరొక పేరు పెట్టిరి. పెట్టినవారికి చెడ్డ తలపు లేదు. పెద్దలయెడ మర్యాద యనియే తలచిరి. ఐనను పదునాలుగు సంవత్సరములుగా రేషను కార్డులో నొక పేరును, పిలుపులో నొక పేరును మాకున్నవి. మా నాయనగారు బ్రదికియున్నంత కాలము ఉత్తరములపై మా మొదటి పేరే వ్రాసెడివారు. ఆ కవరు చేతికి వచ్చినప్పుడెల్ల ఏదో పోయిన వస్తువు దొరకినట్లుండెడిది. ఇట్టి యనుభవము గల సోదరీమణులు మన పాఠకురాండ్రలో పలువురుందురు. కావున దత్త యను మాట మాకు నిఘంటువు చూడకయే తెలిసినది.

ఆ పేరును తీసివేయించినవారు చిలుకూరి నారాయణరావుగారు. వారీ సీమలో పుట్టినవారు కారు, ఉత్తరకోస్తా వారు. అనంతపురములో 1916లో నెలకొన్న కళాశాలలో తెలుగు బోధించుటకు వచ్చి యిచ్చటివారైరి. ఆ కళాశాల పేరు దత్తమండల కళాశాల యనుట గమనింపదగినది. దినమును ఆ పేరు గల ద్వారముగుండా లోనికి పోవుచు వారేమి తలపోసెడివారో! ఆంధ్రభాషా చరిత్రమను బృహద్గ్రంథము 1937లో వెలువరించినవారు వీరే. తెలుగు ప్రాకృతమునుండి పుట్టినదని అందు వాదించిరి. ఆ వాదమును నేటి పండితులంగీకరింపరు, మాకును నచ్చలేదు. ఐనను తాటియాకుల గ్రంథములకును శాసనములకును ఊరూరు తిరిగిన యా శ్రమను కాదనువారు లేరు.

1928 నవంబరులో ఆంధ్రమహాసభ నంద్యాలలో కూడెను. దానితోపాటు దత్తమండలముల సభ కడప కోటిరెడ్డిగారి యధ్యక్షతన జరిగెను. ఆ సభలో నారాయణరావుగారు లేచి, ఈ దేశము విజయనగర రాయల యేలుబడిలో నుండినది గావున దీనిని రాయలసీమ యని పిలువవలెనని చెప్పిరి. సభవారు సమ్మతించిరి. ఈ పేరు పెట్టినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారని చాలకాలము లోకులనుకొనుచుండిరి. గాడిచర్లవారు కర్నూలువారు, 1908లోనే దేశముకొరకు చెరసాలకు పోయినవారు, ఎంతటి కీర్తికైన నర్హులు. కాని సభలో ఆ మాట నెత్తినవారు నారాయణరావుగారని తరువాతి పరిశోధకులు తేల్చిరి. ఆయన తుపాకి పట్టలేదు, చెరసాలకు పోలేదు. చరిత్ర చదివిన యొక ఉపాధ్యాయుడు సభలో లేచి నిలుచుండి యొక్క మాట యనెను. ప్రభుత్వపు ఉత్తరువు లేకయే ఆ మాట జనుల నోళ్ళలో కెక్కెను.

ఇతర దేశములలోను చరిత్రకారులిట్టి పనులు చేసిరని మావారు చెప్పిరి. ఐరోపాలో చెక్కు జాతివారు ఆస్ట్రియా చక్రవర్తుల క్రింద నణగియున్న కాలమున పలాట్‌స్కీ యను చరిత్రకారుడు తన జాతి చరిత్రను వ్రాసెను. మొదటి సంపుటము 1836లో జర్మను భాషలో వెలువడినది. 1848 నుండి తన మాతృభాషలోనే వ్రాసి ప్రకటించెను. ఆ సంవత్సరమే జర్మనీవారు తమ మహాసభకు రమ్మని పిలువగా, తాను చెక్కు జాతివాడనని చెప్పి పోక మానెను. తరువాతి కాలమున స్కాట్లండు దేశీయుడగు సీటన్ వాట్సన్ అను మరియొక చరిత్రకారుడు హంగరీ పాలనలో స్లోవాకులు మొదలగు చిన్న జాతులు పడుచున్న యిక్కట్లను స్వయముగా చూచి 1908లో గ్రంథము వ్రాసెను. 1916లో ‘న్యూ యూరప్’ అను వారపత్రికను స్థాపించి ఆ జాతుల స్వాతంత్ర్యమునకై వాదించెను. 1918లో చెకొస్లొవేకియా యేర్పడెను. తనది కాని జాతికొరకు అంత శ్రమపడిన యాయనను తలచినపుడు, తాను పుట్టని సీమకొరకు లేచి నిలిచిన మన నారాయణరావుగారు మాకు జ్ఞప్తికి వచ్చిరి. వీరు వేరు దేశమును కోరినవారు కారు. ఆంధ్రులలో నొక భాగమువారు ఇతరు లిచ్చిన పేరుతో గాక తమ పేరుతో నుండవలెనని కోరిరి.

ఇదంతయు వినిన మా అమ్మాయి, “మనల నిచ్చివేసినప్పుడు ఎవరును వద్దనలేదా?” యనెను. మా అక్కగారు దోసగింజలు వలుచుచు తల యెత్తకయే, “ఎందుకనలేదే? ఉయ్యాలవాడ రెడ్డి అన్నాడు గదా! సినిమా చూచితివి గదా!” యనెను. 2019లో వెలువడిన యా చలనచిత్రమును పిల్లలందరును చూచియుండిరి. గుఱ్ఱములు, మంటలు, పెద్ద పోరాటములు వారికి జ్ఞాపకమున్నవి. ఊరు మాత్రము జ్ఞాపకము లేదు. మరునాడు చద్దిమూటతో బయలుదేరితిమి.

నంద్యాలనుండి ఆళ్ళగడ్డ బస్సెక్కితిమి. దారి పొడవునను తూర్పున నల్లమల కొండలు మనతో వచ్చుచునే యుండును. కేసీ కాలువ నీరు పారు చోట వరిమడులును, నీరు లేని చోట నల్లరేగడియు. ఆ నల్లరేగడిలో ఆ మాసమున శనగ పచ్చగా పరచుకొని, జొన్న కంకి వేసి యుండెను. ఆళ్ళగడ్డలో బాటప్రక్కన శిల్పులు రాయి చెక్కుచుండుట చూచి పిల్లలు కదలమనిరి. ఒక హనుమంతునికి ఇంకను ముఖము రాలేదు. గద మాత్రము పూర్తియైనది. దుమ్ము తలమీద పడుచుండగా పావుగంట యచ్చటనే నిలిచితిమి. పిదప పడమటి వైపు పోవు బస్సు పట్టుకొని కుందేటి లోయలోనికి దిగితిమి.

ఉయ్యాలవాడ పేరు వినగా తొట్టెలలో జోకొట్టు నూరు అనిపించును. చూచినచో, రాయలసీమలోని ఏ నల్లరేగడి యూరి వలెనే యుండును. నాపరాళ్ళు పరచిన యరుగులు, మట్టి మిద్దెలు, వాటి నడుమ క్రొత్తగా లేచిన సిమెంటు మేడలు, దిబ్బలమీద ఆరవేసిన పిడకలు. వీరుని యూరు చూడబోవుచున్నామని ఆర్భాటముగా వచ్చిన పిల్లలకు మొదట కొంచెము నిరాశ కలిగెను. మాకు మాత్రము కలుగలేదు. ఇట్టి సాధారణమైన యూరినుండి ఒకడు కంపెనీవారిని ఎదిరించెనను సంగతియే మాకు వింతగా నుండెను.

నరసింహారెడ్డి పూర్వులు పాళెగాండ్రు. తల్లి వైపున నొస్సము జమీ సంబంధము. 1800 నుండి 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పాళెగాండ్ర బలమును అణచి, వారి భూములు తీసికొని, కొందరికి తవర్జీ యను భరణ మేర్పరచెను. అది తరములు గడచిన కొలదిని పంచబడి, సన్నగిల్లి, నరసింహారెడ్డి వంతునకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు వచ్చుచుండెను. నొస్సము తాతగారి భరణము తనకు రావలసియుండగా కంపెనీవారు దానిని నిలిపివేసిరి. ఇంతవరకైన నది యొక కుటుంబపు తగవు. కాని అదే కాలమున ప్రభుత్వమువారు కట్టుబడి బంట్రోతుల మాన్యములను కూడ లాగికొనుచుండిరి. ఊళ్ళ కావలి కాచి, తరతరములుగా ఆ చెక్కభూమితో పొట్టపోసికొనుచున్న పేదలు వారు. వారు రెడ్డివెంట నడచిరి. వడ్డె ఓబన్న వంటివారు కుడిభుజమై నిలిచిరి.

కొందరు చరిత్రకారులు నరసింహారెడ్డిది భరణమునకై చేసిన తిరుగుబాటే గాని స్వాతంత్ర్య సమరము కాదందురు. మరి కొందరాయనను నేటి జాతీయ నాయకుని వలె వర్ణింతురు. మాకు రెండును అతిగానే తోచును. అప్పటికి దేశమను తలపు నేటి యర్థమున లేదు. ఐనను తన సొమ్ము కొరకు మాత్రమే లేచినవాని వెంట మాన్యములు పోయిన పేదలు ప్రాణములకు తెగించి ఏల పోవుదురు? ఒకని తగవులో వేలమంది తమ తగవును చూచుకొన్నపుడు అది యొకనిది గాక పోవును.

1846 జూలైలో వారు కోయిలకుంట్ల ఖజానాపై పడిరి. నెలల తరబడి నల్లమల, ఎఱ్ఱమల కొండలలో కంపెనీ సైన్యమును తప్పించుకొని తిరిగిరి. అక్టోబరులో పేరుసోముల కొండలలో నరసింహారెడ్డి పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో జుర్రేటి యొడ్డున జనులందరు చూచుచుండగా ఉరి తీసిరి. పిదప తలను కోట గుమ్మమున వ్రేలాడగట్టిరి. అది 1877 వరకు ముప్పది సంవత్సరములు అట్లే యుండెను.

ఇది చదువుచున్న తల్లులు ఒక్క నిమిషము ఆలోచింపుడు. ఆ గుమ్మము క్రింది దారిని నీళ్ళ బిందెలతో పోయిన స్త్రీలుందురు గదా. 1847లో చంకనున్న బిడ్డ 1877 నాటికి తన బిడ్డను చంకనెత్తుకొని ఆ తల క్రింద నడచియుండును. ప్రభుత్వమువారు భయము పుట్టింపదలచి చేసిన పని యది.

ఊరిలో ఒక మిద్దె యరుగుమీద తొంబది యేండ్లకు చేరువైన యొక అవ్వ ఎండ కాచుకొనుచు కూర్చుండెను. మమ్ము చూచి, “యా ఊరు తల్లీ మీది? ఎవరింటికి వచ్చినారు?” అని యడిగెను.

“ఎవరింటికీ కాదవ్వా. నరసింహారెడ్డి ఊరని చూడ వచ్చినాము,” అంటిమి.

“సూసేకి ఏముంది ఈడ? మట్టి తప్ప.” కొంచెమాగి, “మా జేజికి ఆయప్ప పాట అంతా వస్తాండె. జొన్నలు ఇసురుతా పాడుతాండె. రాయి తిరిగేదాకా పాట, పాట అయ్యేదాకా రాయి. నాకు సగమే వచ్చు,” అనెను. మా అమ్మాయి బలవంతముమీద కొంత పాడి, దగ్గు వచ్చి మానెను. కోడలు లోపలినుండి మంచినీళ్ళు తెచ్చి, “మా యత్తకు ఎవరైనా అడిగితే సాలు, దగ్గు కూడా మరిసిపోతాది,” అని నవ్వెను.

గుమ్మమున తల వ్రేలాడుచుండగానే ఆ పాట పుట్టి, తిరుగలి రాతి చుట్టు తిరిగి, నాలుగైదు తరములు దాటి మా ముందు దగ్గుచున్నది! తంగిరాల వెంకట సుబ్బారావుగారు తెలుగు వీరగాథలనుగూర్చి పరిశోధించి, ఇట్టి పాటలను ప్రోగుచేసి ‘రేనాటి సూర్యచంద్రులు’ అను గ్రంథము వ్రాసిరి. కంపెనీ కాగితములలో తిరుగుబాటుదారుగా మాత్రమే యున్నవాడు జనుల పాటలలో సూర్యుడై యున్నాడని మాకు అట్టివారి శ్రమవలననే తెలిసినది. చరిత్రకారుడు కచేరీ దస్త్రములు మాత్రమే చూచి తృప్తిపడినచో తిరుగలి కడ నున్న సాక్ష్యము పోవును.

సూర్యుడు నరసింహారెడ్డి, మరి చంద్రుడెవరు? అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి. గొప్ప కరువులో తన గాదెలు తెరచి, వేలాది జనులకు గంజికేంద్రములు పెట్టి ప్రాణములు నిలిపినవాడు. విక్టోరియా రాణి బంగారు పతకమంపి గౌరవించెను. 1877 వరకు కోయిలకుంట్ల గుమ్మమున నరసింహారెడ్డి తల యుండెను గదా. ఒక్క యూరివారిద్దరు, ఒకని తలను వ్రేలాడగట్టిన ప్రభుత్వమే రెండవవానికి పతకమిచ్చెను. ఊరివారు మాత్రము ఇద్దరిని వేరు చేయలేదు. అవ్వను వెంగళరెడ్డినిగూర్చి యడుగగా, “అన్నం పెట్టినోడు, సామీ,” అని చేతులు జోడించెను. ఆమెకు పతకము సంగతి తెలియదు.

చెట్టునీడను చద్దిమూట విప్పితిమి. జొన్నరొట్టెలు, వేరుశనగల పొడి, ఉల్లిగడ్డకారము. అవ్వ కోడలు మజ్జిగ తెచ్చి యిచ్చెను. తినుచుండగా మావారు రేనాడన నేమో పిల్లలకు చెప్పసాగిరి. కుందేటికిని పెన్నకును నడుమనున్న యీ ప్రదేశమునకు ప్రాచీన నామము రేనాడు. ‘రేనాడు ఏడువేలు’ అని శాసనములలో నున్నది. దీనినేలిన చోళులు గొప్ప చక్రవర్తులు కారు, చిన్న రాజులు. ఐనను పెద్ద రాజులు సంస్కృత ప్రాకృతములలో శాసనములు చెక్కించుచున్న కాలమున, ఈ చిన్న రాజులు తమ జనుల మాటలో చెక్కించిరి. ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ళ శాసనము సుమారు 575వ సంవత్సరపుది. మనకు దొరకిన తెలుగు శాసనములలో మొదటిదని పండితులందురు. మేము కూర్చున్న చోటికి దక్షిణముగా కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్ల దగ్గర నున్నది కలమళ్ళ.

“అట్లైన మన పేరు రేనాడే గదా! రాయలసీమ యేల?” అనెను అమ్మాయి. మావారు జవాబు వెదకికొనుచుండగా మేము, “రేనాడు నీ యొక్క యింటి పేరు, రాయలసీమ నీ వంశము పేరు,” అంటిమి. అంత సరియైన జవాబు కాదని మాకు తెలియును. కర్నూలు, అనంతపురము, కడప, బళ్ళారి యన్నింటిని కలుపుటకు 1928లో నొక పేరు కావలసివచ్చెను. రేనాడు అందుకు చాలదు. పేరు పెట్టుటలో కూడ కొంత వదలుకొనుట యుండును. తరువాత బళ్ళారి కర్ణాటకమునకు పోయెను. 1937 నవంబరులో శ్రీబాగు ఒడంబడికయు, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రమును వచ్చెను. రాయలసీమవారు తమకు రావలసిన వాటినిగూర్చి మాటలాడునపుడెల్ల ఆ పేరుతోనే మాటలాడిరి, నేటికిని మాటలాడుచున్నారు. దత్తులమని చెప్పుకొని ఎవరు హక్కు అడుగగలరు?

ఓర్వకల్లులోని విమానాశ్రయమునకు 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. 2022 ఏప్రిలులో నంద్యాల వేరు జిల్లా యైనది. చిలుకూరి నారాయణరావుగారి పేరు మాత్రము మా అమ్మాయి పాఠ్యపుస్తకములో మేము వెదకినంతలో కనబడలేదు. పెట్టిన పేరు నిలిచి, పెట్టినవాని పేరు మరుగుపడుట పేరు బాగుగా నాటుకొన్నదనుటకు గుర్తేమో గాని, మాకది కష్టముగానే తోచినది.

సాయంకాలము కోయిలకుంట్ల మీదుగా తిరిగి రాదలచి బస్సు కొరకు నిలుచుంటిమి. అవ్వ కోడలు పచ్చిశనగల మోపు ఒకటి తెచ్చి పిల్లల చేతులలో పెట్టెను. అవ్వ యరుగుమీదనుండియే, “తల్లీ, నీ పేరు సెప్పకపోతివే!” అని కేకవేసెను.

మేము మొదట పిలుపులోని పేరు చెప్పితిమి. పిదప ఎందుకో మా నాయనగారు కవరుపై వ్రాయు పేరు కూడ చెప్పితిమి. అవ్వకు రెండవదే వినబడినట్లున్నది. బస్సు కదలినప్పుడు ఆ పేరుతోనే పిలిచి మరల రమ్మనెను. కోయిలకుంట్ల చేరులోపల పిల్లలు శనగలన్నియు వలిచి తినివేసిరి. బస్సులో పొట్టు పోసినందులకు కండక్టరు కోపపడెను.